నూటికి నూరు శాతం యశోద

మా మద్దిగుంపు హైస్కూల్లో పదో తరగతి మొత్తం పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి వచ్చేది. గేటు దగ్గర కాళ్లు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, "గుడ్ మార్నింగ్ సార్" అనేది. మొత్తం అని ఎందుకన్నానంటే, పదో తరగతిలో ఉన్నది ఒక్కతే. పేరు కుంజా యశోద.

నేను ఆ బడిలో లెక్కల మాస్టర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. శాతాల మీద నాకు చాలా గౌరవం ఉండేది. ఆ ఒక్క సంవత్సరంలో అది కాస్తా పోయింది.

ముందు బడి లెక్క చెప్పేస్తాను. ఆరో తరగతిలో ఏడుగురు, ఏడులో ఆరుగురు, ఎనిమిదిలో అయిదుగురు, తొమ్మిదిలో ఒక పేరు, పదిలో ఒక మనిషి. పాఠం చెప్పేవాళ్లం హెడ్‌మాస్టరుతో కలిపి ఎనిమిదిమందిమి. పిల్లలంతా ఏమయ్యారని అడగొద్దు, ఆ ప్రశ్నకు ఇప్పటికి పదిహేడు ఫారాలు నింపాను. పరీక్ష రాసి నెగ్గినవాళ్లు గురుకులాలకు పోయారు. పామాయిల్ తోటలున్నవాళ్ల పిల్లలు పచ్చ బస్సెక్కి దమ్మపేట ప్రైవేటు బడికి పోయారు. మిగిలినవాళ్లు సంక్రాంతి దాటగానే అమ్మానాన్నల వెంట ముదిగొండ వైపు మిర్చి ఏరడానికి పోయారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు.

తొమ్మిదిలో పేరు అన్నాను గానీ మనిషి అనలేదు. ఆ పేరు మడకం ప్రమీల. యశోదా ప్రమీలా ఒకే గూడెం, ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఆరో తరగతికి యశోదకు గురుకులంలో సీటొచ్చింది. పదకొండు రోజులుంది. పన్నెండో రోజు పొద్దున చూస్తే ఇంటి ముందు కూర్చుని ఉంది. ఎందుకొచ్చావే అని తల్లి అడిగితే, "ఆడ ప్రమీల లేదు కదా" అందట. అలాంటి స్నేహం. తొమ్మిదో తరగతి సగంలో ప్రమీల తండ్రి గోపాలు కల్లు గీస్తూ జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. నడుం పోయింది. తల్లి లేని ఇల్లు. పత్తి తియ్యాలన్నా, మిర్చి ఏరాలన్నా, కట్టె తేవాలన్నా ప్రమీలే. అలా ఆ పిల్ల బడి మానేసింది. యశోద పదికి వచ్చింది, ప్రమీల పేరు తొమ్మిదిలోనే ఆగిపోయింది.

ఆ పేరును కూడా కొట్టేస్తే తొమ్మిదో తరగతి సున్నా అవుతుందని మా హెడ్‌మాస్టర్ రవీందర్ సార్ భయం. అందుకని రిజిస్టర్లో ఉంచాడు. రోజూ ఆ పేరు పక్కన నేను 'ఆబ్సెంట్' అని రాసేవాణ్ణి. ఏప్రిల్లో వార్షిక పరీక్షకు రాకపోతే ఇక కొట్టెయ్యక తప్పదు, అది రూలు. యశోదకు ఈ సంగతి తెలుసు. జూన్‌లో బడి తెరిచిన మొదటివారమే నా దగ్గరికొచ్చింది.

"సార్, ప్రమీలను తోలుకరాండ్రి. నాకు పక్కన ఎవరన్న ఉంటెనే సదువొస్తది."

మేం వెళ్లాం, నేనూ రవీందర్ సారూ. గోపాలు మంచంలో లేచి కూర్చుని మర్యాదగా మంచినీళ్లిప్పించాడు. "సదువు మంచిదే సారూ, నేనెందుకు కాదంట? మా ఇంట్ల ఏరేటి చెయ్యి అదొక్కటే. దాన్ని మీకిస్తే నేనేం తినాలె?" అన్నాడు. తిరిగొచ్చి 'గృహ సందర్శన నిర్వహించబడినది' అని రాసి పైకి పంపాం. నెల తర్వాత యశోద మళ్లీ అడిగింది. దసరాకు మళ్లీ అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది. బెంచీలో ఎడమవైపు సగం మాత్రం ఖాళీగా ఉంచి కూర్చునేది. మధ్యలో కూర్చోవే, ఫ్యాన్ గాలి తగులుతుంది అంటే వినేది కాదు.

ఇక మా శాతాల బాగోతం వినండి.

నెలనెలా పైవాళ్లతో సమీక్ష ఉండేది. ఫోన్లో అందరి ముఖాలూ కనిపించే సమీక్ష. పదో తరగతిలో బాలికలు నూరు శాతం, బాలురు సున్నా. బాలురను ఎందుకు నిర్లక్ష్యం చేశారో వివరణ ఇమ్మన్నారు. ఇచ్చాం. తరగతిలో బాగా వెనుకబడిన ఇరవై శాతం పిల్లల జాబితా పంపమన్నారు. యశోదలో అయిదో వంతు అంటే ఎడమ చెయ్యి పంపాలా, కుడి కాలు పంపాలా అని నేనడిగాను. రవీందర్ సార్ నన్ను మ్యూట్‌లో పెట్టి పూర్తి పేరే పంపాడు. అదే వారం తరగతిలో మొదటి ర్యాంకు వాళ్ల పేరు కావాలన్నారు. అదే పేరు పంపాడు. రెండింటిలో ఒకే పేరుందేమిటని ఫోనొస్తే, "పాప శ్రమిస్తున్నది సార్" అన్నాడు.

ప్రతి ఉపాధ్యాయుడూ అయిదుగురు పిల్లల్ని దత్తత తీసుకోవాలని ఇంకో ఆదేశం. ఎనిమిదిమందిమీ యశోదనే తీసుకున్నాం. నా వాటా పన్నెండున్నర శాతం. తల్లిదండ్రుల సమావేశానికి తండ్రి రాలేదు, ఆయన ఫ్యాక్టరీ దగ్గర పామాయిల్ గెలలు లారీ దింపుతున్నాడు. తల్లి ముత్తక్క వచ్చింది. ఆమె రావడమేమిటి, వంటగదిలోంచి గరిటెతో ఇవతలికొచ్చింది. మా మధ్యాహ్న భోజనం వండేది ఆమే. హాజరు యాభై శాతం అని రాసుకుని రవీందర్ సార్ ఆమెకు దండం పెట్టాడు.

ఆయన్ని అనడానికి లేదు. ఒక్క పిల్ల తరగతంటే మామూలు బాధ కాదు. నలభైమంది ఉంటే ముగ్గురు తప్పినా తొంభైకి పైనే. ఇక్కడ నూరు లేదంటే సున్నా, మధ్యలో మెట్టు లేదు. యశోద దగ్గితే స్టాఫ్ రూంలో మాటలు ఆగిపోయేవి. వానలో తడిసి వచ్చిన రోజు ఇంగ్లీషు చెప్పే ఆఫియా మేడం తన దుపట్టాతో తల తుడిచి, ఫ్లాస్కులో అల్లం చాయ్ తాగించి, "దవాఖానకు పోదామా బేటా?" అని నాలుగుసార్లు అడిగింది. ఆమెది ఖమ్మంలో ఎండుఖర్జూరాలు, కిస్‌మిస్ అమ్మే కుటుంబం. ఆ ఏడాది యశోద తిన్నన్ని బాదంపప్పులు మా ఇంట్లో పెళ్లికి కూడా కొనలేదు.

మార్చి వచ్చింది. పరీక్షలకు పన్నెండు రోజులుందనగా యశోద నా క్లాసులో నిద్రపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే, పెన్ను చేతిలో ఉండగానే. స్లిప్ టెస్టులో ఇరవైకి పద్దెనిమిది తెచ్చే పిల్ల ఆరు తెచ్చింది. గంటలో స్టాఫ్ మీటింగ్. సైన్సు సార్ రక్తహీనత అన్నాడు, తెలుగు సార్ దిష్టి అన్నాడు. నేను వంటగదిలోకి వెళ్లి ముత్తక్కను అడిగాను.

"ఇప్పపువ్వు రాలుతున్నది కద సారూ," అంది ముత్తక్క, పప్పు తిప్పుతూనే. "నాలుగు గొట్టంగ లేసి పోతది. తొమ్మిదింటిదాక ఏరి అట్నే బడికొస్తది."

"పరీక్షలు పెట్టుకుని పువ్వేంది ముత్తక్కా? ఈ నెల నువ్వే ఏరరాదా?"

ఆమె గరిటె ఆపి నావైపు చూసింది. "ఏరుత. పువ్వు రాలేది నెల్లాళ్లు. ఈ నెల ఏరి అమ్ముకోకుంటే ఏడాదంత ఎట్ల? నేనేరుత సారూ, మీ పందొమ్మిదిమందికి అన్నం మీరు వండుండ్రి."

అదీ లెక్క. ముత్తక్క ఏరితే అన్నం ఆగుతుంది, యశోద ఏరితే నూరు శాతం ఆగుతుంది. ఎటు ఆగినా హెడ్‌మాస్టరుకు మెమో. రవీందర్ సార్ టేబుల్ మీద తల పెట్టుకుని అయిదు నిమిషాలున్నాడు. తర్వాత లేచి అన్నాడు.

"మనమే ఏరుదాం."

నవ్వుతాడేమోనని చూశాం. నవ్వలేదు. కాగితం తీసుకుని 'ఇప్పపువ్వు డ్యూటీ' అని పైన రాసి, కింద గీత గీసి, ఎనిమిది పేర్లూ వేశాడు. మొదటి పేరు ఆయనదే. పువ్వు వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి గనక వ్యాయామం మాస్టారు విజిల్ తెచ్చుకోవాలని కింద ప్రత్యేక సూచన. నేను దమ్మపేటలో ఉంటాను, ఆఫియా మేడం సత్తుపల్లి నుంచి స్కూటీ మీద రావాలి. అందరం సంతకం పెట్టాం.

మర్నాడు తెల్లవారుతుండగా గూడెం చేరాం. ముత్తక్క ఇంటి ముందు అందరికీ చాయ్ పోసింది. "ఈ పొద్దు నా నడుం సుఖపడ్డది సారూ" అని నవ్వి, బియ్యం ఏరుకోవడానికి కూర్చుంది. మమ్మల్ని యశోద తీసుకెళ్లింది. చంకలో నా లెక్కల గైడు. వాగు దాటాక నాలుగు పెద్ద ఇప్పచెట్లున్నాయి. కింద ఎండుటాకు కాల్చి, నేల శుభ్రం చేసి ఉంది. తెల్లగా, గుండ్రంగా, తడితడిగా పువ్వులు పరుచుకుని ఉన్నాయి. గాలంతా తీపి వాసన.

యశోద ఆ నాలుగు చెట్లూ చూపించింది. "అవి మావే సార్."

"ఖాయమేనా?" అన్నాను ఊరికే.

"అవ్ సార్," అంది, గైడులోంచి తల ఎత్తకుండా. వెళ్లి ఒక రాయి మీద కూర్చుంది.

మేం వంగాం. ఒక ప్రభుత్వ పాఠశాల సిబ్బంది మొత్తం అడవిలో నాలుగు చెట్ల కింద వంగి ఉన్న ఆ దృశ్యం ఎవరైనా ఫోటో తీసి ఉంటే ఎనిమిదిమందిమీ ఇవాళ ఇళ్లల్లో ఉండేవాళ్లం. పావుగంటకే నాకు నడుం పట్టేసింది. వ్యాయామం మాస్టారు ప్రతి చప్పుడుకీ విజిల్ ఊదాడు. ఆఫియా మేడం ఒక పువ్వు అరచేతిలో వేసి చూసి, "ఎండితే అచ్చం కిస్‌మిసే. మా అబ్బాకు చూపెట్టాలె" అంది.

అప్పుడొచ్చింది ప్రమీల. చేతిలో గంప. మమ్మల్ని చూసి ఆగిపోయింది. తర్వాత యశోదను చూసింది. యశోద గైడు చూసుకుంటోంది. ప్రమీల ఖాళీ గంపతోనే వెనక్కి వెళ్లిపోయింది. సిగ్గుపడిందనుకున్నాం.

అరగంటకు గోపాలు వచ్చాడు. కర్ర పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. కేకలెయ్యలేదు. మా గంపలవైపు చూశాడు.

"ఏం జేస్తున్నరు సార్లూ?"

"పువ్వు ఏరుతున్నం గోపాలూ. విద్యార్థి సంక్షేమం," అన్నాడు రవీందర్ సార్.

"మంచిదే. గని ఇవి మా చెట్లు."

ఎనిమిదిమందిమీ ఒకేసారి నిటారుగా నిలబడ్డాం. మద్దిగుంపులో అడవి చెట్టయినా సరే ప్రతి ఇప్పచెట్టూ ఒక ఇంటిది. తాతలనాటి నుంచి ఏ చెట్టు ఎవరిదో అందరికీ తెలుసు. ఒక ఇంటి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ముట్టరు, రాలి కుళ్లినా ముట్టరు. మాకు అది తెలియదు.

"బోర్డు లేదు కదా గోపాలూ?" అన్నాడు రవీందర్ సార్ నీరసంగా.

"మీ ఇంటికి బోర్డుందా సారూ?"

"ఉంది," అన్నాడు సార్. నిజమే, ఏన్కూరులో ఆయన గేటుకు ఇత్తడి బోర్డుంది.

గోపాలు కర్ర ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "మాకు లేదు," అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం బడి వదలగానే గూడెం పటేల్ తాత వాకిట్లో పంచాయితీ. ఎనిమిదిమందిమీ చాప మీద వరసగా కూర్చున్నాం. వాళ్లలో వాళ్లు కోయలో మాట్లాడుకుంటున్నారు, మాకు ముక్క అర్థం కావడం లేదు. మధ్యమధ్య మావైపు చూసి తలలూపుతున్నారు. విద్యాశాఖ విచారణలు రెండు చూశాను, వాటిలో కనీసం భాష అర్థమైంది.

చివరికి పటేల్ తాత తెలుగులో చెప్పాడు. "ఎవరి చెట్టు కింద ఏరిండ్రో ఆళ్లింటికి ఈ ఏడు పువ్వు ఒడిసేదాక మీరే ఏరాలె. అప్పటిదాక ఆ ఇంటోళ్లు గంప ముట్టద్దు. ముట్టిండ్రంటే మీ తప్పు తీరదు. ఇది మా కట్టు."

"జరిమానా కట్టేస్తాం పెద్దాయనా," అన్నాడు తెలుగు సార్.

"పైసలకైతే ఎవడన్న ఏరుతడు," అన్నాడు తాత.

"దీనికి రూల్ నంబరు ఏమైనా...?" రవీందర్ సార్ డైరీ తెరిచాడు.

"మా తాత చెప్పిండు."

రవీందర్ సార్ అదే రాసుకున్నాడు. అప్పుడెవరో అడిగారు, ఆ చెట్లు ఎవరు చూపించారని. అందరూ యశోదవైపు తిరిగారు. ఆ పిల్ల సాంఘికశాస్త్రం పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకెందుకో భయమేసింది, పిల్లను ఏమైనా అంటారేమోనని. "మేమే పొరబడ్డాం" అని గట్టిగా అన్నాను. ముత్తక్క మాత్రం కూతురి మీద విరుచుకుపడింది.

"మన చెట్లు వాగుకు ఇవతల కదనే! నడక రాకముందే నిన్ను ఆ చెట్టుకే గదా ఊయల కట్టింది!"

పరీక్షల ఒత్తిడి, మతి తప్పింది అని ఆఫియా మేడం సర్దిచెప్పింది. నేను కూడా అదే అనుకున్నాను.

మర్నాటి నుంచి రెండు జట్లు. నలుగురం వాగుకు ఇవతల ముత్తక్క చెట్లకు, ఇచ్చిన మాట గనక. నలుగురం అవతల గోపాలు చెట్లకు, శిక్ష గనక. నేను గోపాలు జట్టు. ఆయన మంచం తెచ్చి చెట్టు కింద వేయించుకున్నాడు. పొద్దున్నే హాజరు తీసేవాడు. ఒకరోజు తెలుగు సార్ సెలవు పెడితే, "రేపు రెండు గంపలు ఏరాలె" అన్నాడు. "సారూ, ఆ ఆకు కింద ఒకటున్నది" అని హెడ్‌మాస్టరుకు చూపించేవాడు. రవీందర్ సార్ వెళ్లి తీసుకునేవాడు. వారం తిరిగేసరికి మా అందరికీ గ్రేడ్లిచ్చాడు. సైన్సు సార్ చెయ్యి మంచిది. హెడ్‌మాస్టర్ నెమ్మది గని శుభ్రం. "లెక్కల సార్ మాత్రం కాలుతోని తొక్కుతున్నడు. ఇయ్యాల ఏరిన దాంట్ల సగం మట్టే." నలుగురిలో నాలుగోవాణ్ణి నేను. బాగా వెనుకబడిన ఇరవై శాతం అంటే ఎలా ఉంటుందో నలభై ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది.

ప్రమీలకు పని లేకుండా పోయింది. గంప ముట్టకూడదు. మొదటిరోజు చేతులు కట్టుకుని నిలబడి మేం ఏరుతుంటే చూసింది. పాపం, ఆ పిల్లకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండోరోజు యశోద కూర్చున్న రాయికి కాస్త దూరంగా కూర్చుంది. యశోద జరిగింది, ఎడమవైపు సగం రాయి ఖాళీ చేసింది. మూడోరోజు ఇద్దరూ ఒకే రాయి మీద ఉన్నారు.

నాలుగోరోజు నేను వంగి ఏరుతుంటే వెనక నుంచి మాటలు వినపడ్డాయి. యశోద పాత తొమ్మిదో తరగతి పుస్తకం తెచ్చినట్టుంది.

"వృత్తంల అన్నిటికంటె పొడుగు జ్యా ఏది?"

"వ్యాసం."

"వ్యాసార్ధానికి ఎన్ని రెట్లు?"

"రెండు. ఇదన్న తెల్వదా నాకు? జరుగు, బుక్కు నేను పట్టుకుంట."

ఏడాదిన్నరగా నేను 'ఆబ్సెంట్' అని రాస్తున్న పేరు నాకు రెండు గజాల దూరంలో జవాబు చెబుతోంది. నేను అలాగే వంగి ఉండిపోయాను. ఏడ్చాను. చెమటనుకున్నారు గనక ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నేను నోరు మూసుకోలేదు. ఏరుతూ వృత్తాలు చెప్పాను, ఏరుతూ బహుపదులు చెప్పాను. వాగు ఇవతల ముత్తక్క చెట్ల కింద నుంచి ఆఫియా మేడం గొంతెత్తి ఇంగ్లీషు పద్యం చెప్పేది. గోపాలు మంచం మీంచి వినేవాడు. ఒకరోజు, "సారూ, ఆ ఎక్స్ అనేటాయన ఎప్పటికి దొరుకుతడు?" అని అడిగాడు. ఇంకొంచెం ఏరితే దొరుకుతాడన్నాను.

యశోద పరీక్షలకు దమ్మపేట వెళ్లింది. వెళ్లింది అంటే, మేం ఎనిమిదిమందిమీ రెండు కార్లలో తీసుకెళ్లాం. ముందు పువ్వు ఏరి, చేతులు కడుక్కుని, అప్పుడు. సెంటర్ గేటు దగ్గర కానిస్టేబుల్ మా గుంపు చూసి, "ఎంతమంది పిల్లలు సార్?" అన్నాడు. "ఒక్కతే" అన్నాం. "మరి మీరంతా?" అన్నాడు. "మేం ఒక్కొక్కరం పన్నెండున్నర శాతం" అన్నాను. పక్కకు జరగమన్నాడు.

ఏప్రిల్లో తొమ్మిదో తరగతి వార్షిక పరీక్ష. పువ్వు చివరిదశలో ఉంది, ప్రమీల ఇంకా గంప ముట్టకూడదు. ముందురోజు రవీందర్ సార్ ఏరుతూ ఏరుతూ ఆగి, "గోపాలూ, పాప ఎట్లాగు ఖాళీయే కద, ఒక వారం బడికి తోలరాదు?" అన్నాడు. గోపాలు రాయి మీద చదువుకుంటున్న ప్రమీలవైపు చూశాడు.

"మీరంత ఒక్కరోజన్న ఎగ్గొడతరని చూసిన సారూ," అన్నాడు తర్వాత. "ఎగ్గొట్టలే. తోలుకపోండ్రి."

ప్రమీల అన్ని పరీక్షలూ రాసింది. రిజిస్టర్లో ఆ పేరు పక్కన మొదటిసారి నేను 'ప్రజెంట్' అని రాశాను. అలవాటుకొద్దీ ముందు 'ఆ' పడితే కొట్టేసి దిద్దాను. ఎండాకాలం సెలవుల్లో మళ్లీ మానేస్తుందేమోనని భయపడ్డాం. కానీ జూన్‌లో గోపాలే కర్ర ఊతంతో గేటుదాకా వచ్చి దించి వెళ్లాడు. ఆయన చెల్లెలొకామె వచ్చి ఇంట్లో ఉంటోందట, ఎట్లనో సర్దుకుంటమన్నాడు.

ఇక్కడ కూడా శాతం వదల్లేదు. తొమ్మిదిలో హాజరు మార్చి నెలకూ ఏప్రిల్ నెలకూ ఎంత శాతం పెరిగిందో ఆన్‌లైన్లో నింపమన్నారు. సున్నా నుంచి పెరిగినదానికి శాతం కట్టలేం, సున్నాతో భాగించకూడదు, ఇది ఏడో తరగతి పాఠం అని నేను ఫోన్లో నలభై నిమిషాలు వాదించాను. అవతలివాడు ఓపిగ్గా విని, "ఖాళీ వదిలితే సబ్మిట్ కాదు సార్, నూరు కొట్టండి" అన్నాడు. కొట్టాను.

యశోద పాసైంది. మా బడి నూటికి నూరు. జిల్లాలో మీటింగ్ పెట్టి నూరు శాతం బడుల హెడ్‌మాస్టర్లకు శాలువాలు కప్పారు. మీ విజయ రహస్యం ఏమిటని మైకిచ్చి అడిగితే రవీందర్ సార్, "ప్రణాళిక, క్రమశిక్షణ, వేకువ జామున ప్రత్యేక కార్యక్రమాలు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆయన వంగి దండం పెట్టబోయి నడుం పట్టుకున్నాడు.

యశోదకు భద్రాచలంలో ఇంటర్ సీటొచ్చింది, హాస్టల్. ప్రమీల లేకుండా ఈసారి ఉండగలవా అని అడిగాను టీసీ ఇస్తూ. "అది బడిల ఉంటె నేను యాడైన ఉంట సార్," అంది. అప్పుడు నాకు ముత్తక్క తిట్టిన మాట గుర్తొచ్చింది. ఊయల కట్టిన చెట్టు.

"యశోదా, ఆ వాగవతలి చెట్లు మీవని ఎట్ల అనుకున్నవ్?"

టీసీ మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"అనుకోలే సార్," అంది.

అని వాగువైపు వెళ్లిపోయింది. ఎనిమిదిమంది పట్టాలున్నవాళ్లం ఏడాదిపాటు నివేదికలు రాసి చెయ్యలేని పనిని ఈ పిల్ల రెండు ముక్కల్లో చేసింది. ఎన్నో ఏళ్లుగా నేను ఇచ్చిన మార్కుల్లో ఈ లెక్కకు ఒక్క మార్కూ లేదు. నాకు సిగ్గేసింది, గర్వమూ వేసింది. స్టాఫ్ రూంలో ఎవరికీ చెప్పలేదు.

ఈ సంవత్సరం పదో తరగతి మొత్తం ప్రమీల. తొమ్మిదిలో అయిదుగురు. ఆ అయిదుగురిలో సోడె సమ్మక్క దసరా తర్వాత రాలేదు. ఇంట్లో నానమ్మకు చూపు పోయింది, ఏరేటి చెయ్యి అదొక్కటేనట. వెళ్లాం, మంచినీళ్లిచ్చారు, నివేదిక రాశాం. ప్రమీల రెండుసార్లు అడిగి ఊరుకుంది.

మొన్న మార్చి రెండోవారంలో ప్రమీల నా క్లాసులో నిద్రపోయింది. రవీందర్ సార్ పాత డ్యూటీ కాగితం తీసి తేదీ మార్చాడు. తెల్లవారేసరికి ఎనిమిదిమందిమీ గూడెంలో ఉన్నాం. ప్రమీల చంకలో గైడు పెట్టుకుని ముందు నడిచింది. వాగవతలి నాలుగు చెట్ల దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గోపాలు చెట్లు దాటి, గట్టెక్కి, ఇంకో మూడు చెట్ల దగ్గర నిలబడింది.

అవి సోడెవాళ్ల చెట్లు. గూడెంలో అందరిలాగే నాకూ ఇప్పుడు తెలుసు.

"అవి మావే సార్," అంది ప్రమీల.

రవీందర్ సార్ నావైపు చూశాడు. ఆఫియా మేడం దుపట్టా నడుముకు బిగించుకుంటోంది.

"ఖాయమేనా?" అన్నాను.

"అవ్ సార్," అంది, గైడులోంచి తల ఎత్తకుండా.

నేను గంప కింద పెట్టి వంగాను.